ప్లాన్ చూసి ఏరోబాటిక్ మోడల్ కట్టాలంటే: హైదరాబాద్‌లో ఏది ఎంచుకోవాలి?

రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానాల్లో, నేర్చుకునేవాళ్లు వాడే ట్రైనర్‌ని భయం లేకుండా దింపడం వచ్చేసింది. ఇప్పుడు లూపులు, రోల్స్ కొట్టే ప్లేన్ కావాలి. అదీ డబ్బా విప్పి రెక్కలు బిగించుకునేది కాదు, కాగితం మీది గీత దగ్గర మొదలుపెట్టి సొంతంగా కట్టుకునేది. ఇది అలాంటివాళ్ల కోసం. ట్రైనర్ ఇంకా చేతికి రాకపోతే కొన్నాళ్లు సిమ్యులేటర్ మీద కూర్చోండి, ప్లాన్లు ఎక్కడికీ పోవు.

నిజానికి ప్లాన్లకు కరువే లేదు. పాత మోడలింగ్ పత్రికల్లో అచ్చయినవి వేల సంఖ్యలో ఉచితంగా దొరుకుతున్నాయి. చిక్కు కూడా అక్కడే. ఫొటో చూసి మనసు పారేసుకుంటాం, ప్లాన్ ప్రింట్ తీయిస్తాం, ఆ తర్వాత దానికి తగిన చెక్క కోసం, మోటార్ కోసం, ఆఖరున ఎగరేసే చోటు కోసం తిరుగుతాం. నా సలహా ఈ వరసకు తలకిందులు: ముందు చోటు, తర్వాత చెక్క, ఆ రెండూ తేలాకే ప్లాన్.

మన నెత్తిమీద ఆకాశం ఎంత?

హైదరాబాద్ చుట్టూ రన్‌వేలే. దక్షిణాన శంషాబాద్, ఊరి నడుమ బేగంపేట, ఉత్తరాన హకీంపేట, వాయవ్యాన దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఆగ్నేయాన నాదర్‌గుల్. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ నాలుగు ఫ్యాన్లున్న డ్రోన్లకే అనుకుంటారు చాలామంది. రిమోట్‌తో నడిచే రెక్కల విమానాలు కూడా అందులోకే వస్తాయి. గ్రీన్ జోన్‌లో, అంటే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ డిజిటల్ స్కైలో ఆకుపచ్చగా చూపే చోట, 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ ఎత్తు 200 అడుగులే, అంటే 60 మీటర్లు. ఇంకా దగ్గరైతే అనుమతి లేకుండా కుదరదు. ఊరి మ్యాప్ మీద ఈ వృత్తాలన్నీ గీసి చూడండి, మిగిలే చోటు ఎంత తక్కువో తెలుస్తుంది. స్థలం ఖాయం చేసుకునే ముందు డిజిటల్ స్కై మ్యాప్ ఒకసారి తెరవండి, ఎగరేసే రోజు మళ్లీ తెరవండి.

దీనికీ ప్లాన్‌కీ ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉంది. అంతర్జాతీయ పోటీల ఎఫ్3ఏ తరగతి మోడల్ 2 మీటర్ల రెక్క, 5 కిలోల బరువు వరకు ఉండొచ్చు. దాన్ని పైలట్‌కి 150 మీటర్ల దూరంలో, 60 డిగ్రీల కోణం వరకు ఎత్తి ఆడిస్తారు. లెక్క కట్టండి, పై అంచు 260 మీటర్లకు చేరుతుంది. మనకున్న 120 మీటర్లలో అది ఊపిరాడని ఆటే. అదే 1.2 మీటర్ల మోడల్ అయితే 40 మీటర్ల వ్యాసంలో చక్కటి లూపు తీస్తుంది, 60 మీటర్ల గీత కిందే స్టాల్ టర్న్ (నిలువుగా ఎక్కి, ఆగబోతూ పక్కకు తిరిగి దిగడం) కూడా ముగించుకుని కిందికొస్తుంది.

బరువు సంగతి కూడా ఇందులోనే ఉంది. ఆ డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల నుంచి 2 కిలోల వరకు మైక్రో తరగతి. వ్యాపారం కాకుండా సరదాకి ఎగరేస్తే దానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అడగరు. 2 కిలోలు దాటితే లెక్క మారుతుంది.

ఇక గాలి. మనం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నాం. మే నెలలో 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సాంద్రత, సముద్రతీరంలో 15 డిగ్రీల దగ్గర లెక్కగట్టే ప్రామాణిక గాలి కన్నా దాదాపు 14 శాతం తక్కువ. అంటే ప్రొపెల్లర్ అదే ఆర్‌పీఎం దగ్గర అంతమేర తక్కువ లాగుతుంది, రెక్క స్టాల్ అయ్యే, అంటే గాల్లో మోసే శక్తి కోల్పోయే, వేగం ఏడెనిమిది శాతం పెరుగుతుంది. ప్లాన్ గీసినవాడు ఏ చల్లటి దేశంలోనో కూర్చుని 'మెల్లగా దిగుతుంది' అని రాసి ఉంటాడు, మన దగ్గర మే మధ్యాహ్నం ఆ మాట నమ్మకండి. అందుకే ప్లాన్ మీద రాసిన బరువు కన్నా ఒక గ్రాము కూడా ఎక్కువ కాకుండా కట్టడం ఇక్కడ మోజు కాదు, అవసరం.

ఇవన్నీ కలిపి చూస్తే మొదటి ఏరోబాటిక్ మోడల్‌కి నా కొలత: రెక్క 1.1 నుంచి 1.3 మీటర్లు, వైశాల్యం 30 చదరపు డెసీమీటర్ల చుట్టుపక్కల, ఎగిరే బరువు 1.2 నుంచి 1.4 కిలోలు. అంటే చదరపు డెసీమీటరుకు 40 నుంచి 47 గ్రాములు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి దంచుతుంది, ఆ రోజుల్లో ఇంతకన్నా తేలికైనది కాగితంలా కొట్టుకుపోతుంది. ఇంతకన్నా బరువైనది వేసవిలో రాయిలా దిగుతుంది.

ప్లాన్ల రకాలు

స్టిక్ రకం. 1960ల్లో ఫిల్ క్రాఫ్ట్ గీసిన అగ్లీ స్టిక్, దాని పిల్లలూ మనవలూ. పెట్టెలాంటి ఒళ్లు, మొదలు నుంచి చివర దాకా ఒకే వెడల్పు రెక్క, పైనా కిందా ఒకే వంపున్న (సిమెట్రికల్) లేదా దానికి దగ్గరి ఎయిర్‌ఫాయిల్, అంటే రెక్క అడ్డుకోత ఆకారం. పేరులోనే చెప్పేశారు, అందం ఆశించకండి. కానీ స్టాల్‌లో చివరలు ముందుగా పడిపోవు, తప్పు చేస్తే ఆలోచించుకునేంత సమయం ఇస్తుంది, విరిగితే సాయంత్రానికి అతికించొచ్చు. లూపు, రోల్, స్టాల్ టర్న్, తలకిందుల ప్రయాణం, స్పిన్ అన్నీ చేస్తుంది. నైఫ్ ఎడ్జ్ (రెక్కలు నిలువుగా ఉండేలా పక్కకు ఒరిగి ఎగరడం) మాత్రం సన్నటి ఒళ్లు కాబట్టి ఈడ్చుకుంటూ పోతుంది.

పాత ప్యాటర్న్ రకం, అంటే నిర్ణీత విన్యాసాల పోటీలకు గీసినవి. ఇదే క్రాఫ్ట్ 1967లో ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిన క్విక్ ఫ్లై, జో బ్రైడీ గీసిన కేయాస్, 1977లో ఆస్ట్రియా కుర్రాడు హానో ప్రెట్నర్ గెలిపించిన క్యురారే. ఎగిరేటప్పుడు పట్టాల మీద పోతున్నట్టుంటాయి. చూపు తిప్పుకోలేం. కానీ ఇవి మిథనాల్‌తో నడిచే 10 సీసీ గ్లో ఇంజన్లకు, 1.5 మీటర్లకు పైబడిన రెక్కలకు, విశాలమైన మైదానాలకు గీసినవి. బరువు 3 కిలోల దరిదాపు. కొన్నిటికి లోపలికి ముడుచుకునే చక్రాలు, అంటే నున్నటి రన్‌వే కావాలి. ఆ రూపమే కావాలంటే 1.2 మీటర్లకు తగ్గించి గీసిన ఎలక్ట్రిక్ ప్లాన్ వెతకండి. పెద్ద ప్లాన్‌ని జిరాక్స్ షాపులో 70 శాతానికి తగ్గించి కట్టేద్దామంటే కుదరదు. కొలతలు 70 శాతమైతే రెక్క వైశాల్యం 49 శాతానికి పడిపోతుంది. 3 మిల్లీమీటర్ల పలక 2.1 కావాలి, అది ఎక్కడా అమ్మరు. మోటార్, సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), రిసీవర్ ఏవీ మనతోపాటు కుంచించుకుపోవు.

ఎక్స్‌ట్రా, ఎడ్జ్, సుఖోయ్ రకం. అసలు ఏరోబాటిక్ విమానాల నకళ్లు. రెక్క ఒంటి మధ్యలో ఉంటుంది, తోక పెద్దది, ఒళ్లు లోతైనది, నైఫ్ ఎడ్జ్ హాయిగా నిలుస్తుంది. ఎక్కువమంది మనసు పడేది వీటి మీదే, అందులో తప్పు లేదు. రెక్క చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి బరువెక్కితే చివర ముందుగా స్టాల్ అయి ల్యాండింగ్‌లో ఒక పక్కకు పడేస్తుంది. తేలిగ్గా కడితే బంగారం, బరువుగా కడితే గండం. మధ్యలో రకం లేదు.

ప్రొఫైల్ రకం. ఒళ్లంటూ ఉండదు, పక్కనుంచి చూసే ఆకారంలో ఒక పలక, దానికి రెక్క. ఫోమ్‌తో అయితే రెండు మూడు సాయంత్రాల పని. హోవర్ (ముక్కు పైకి పెట్టి గాల్లో నిలబడటం), హ్యారియర్ (ముక్కు ఎత్తి మెల్లగా పోవడం) లాంటి 3డీ విన్యాసాలు ముక్కు ముందే ఆడొచ్చు, 60 మీటర్ల ఎత్తులో సగం కూడా అక్కర్లేదు. గాలి లేని తెల్లవారుజాముకే పనికొస్తుంది.

ఇక పిట్స్. కర్టిస్ పిట్స్ 1944లో ఎగరేసిన ఆ బుల్లి రెండంతస్తుల రెక్కల విమానం కట్టాలని నాకూ ఉంది, ఇది చదువుతున్న మీకూ ఉంటుంది. కానీ రెక్కల పని రెట్టింపు, రెండిటి కోణాలూ ఒకదానితో ఒకటి సరిపోవాలి, నడుమ కడ్డీల అమరిక ఇంకో తలనొప్పి. మొదటిది మాత్రం కాదు.

వీటిలో ఏది? చేత్తో కోసి కట్టేవారికి స్టిక్, లేజర్‌తో కోయించుకునేవారికి ఎక్స్‌ట్రా తరహా. ఈ తేడా ఎందుకో రిబ్బుల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకల) దగ్గరికొచ్చాక చెబుతాను. ఏది కట్టినా పక్కన ఒక ఫోమ్ ప్రొఫైల్ పెట్టుకోండి, కొత్త విన్యాసం ముందు దానిమీద. నెలల తరబడి కట్టిన బాల్సా చెక్క రెక్క మీద స్నాప్ రోల్ (ఒక్కసారిగా గిర్రున తిప్పడం) నేర్చుకోవడం దండగ.

చెక్కా? ఫోమా?

ఫోమ్ గురించి త్వరగా ముగిస్తాను. స్టేషనరీ షాపులో 'సన్‌బోర్డు' అంటే రెండు రకాలు ఇస్తారు. ఒకటి పీవీసీది, గట్టిగా, నున్నగా, సైన్‌బోర్డులకు వాడేది. ఇంకోటి లోపల థర్మకోల్ లాంటి మెత్తటి గుజ్జు ఉన్నది. మనకు కావాల్సింది రెండోది. పీవీసీది డెప్రాన్ అనే మోడలింగ్ ఫోమ్ కన్నా పదింతలకు పైగా బరువు. పలక చేత్తో ఎత్తి చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఫోమ్‌కి ఫెవిక్విక్ తగిలితే గుంట పడి కరిగిపోతుంది, ఫోమ్‌కి పనికొచ్చే సీఏ (ఫెవిక్విక్ తరహా జిగురు) గానీ, హాట్ గ్లూ గానీ వాడాలి. ఎండలో కారులో వదిలేస్తే రెక్క మెలి తిరుగుతుంది.

ప్లాన్ నుంచి కట్టడంలో మజా అంతా బాల్సాలోనే ఉంది. ఈక్వెడార్ అడవుల నుంచి వచ్చే చెక్క, మనకు హాబీ షాపుల ద్వారానో ఆన్‌లైన్‌లోనో దొరుకుతుంది, ధర తక్కువేం కాదు. 'మన చెక్క ఏదీ పనికిరాదా' అని అడుగుతుంటారు. బూరుగు తేలికే కానీ బాల్సాకి రెట్టింపు పైనే తూగుతుంది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క చెక్కడానికి అద్భుతం, కానీ దాన్ని 1.5 మిల్లీమీటర్ల సమమైన రేకుల్లా కోసి అమ్మేవాళ్లు కనబడరు. ముక్కు దగ్గర నిండు దిమ్మె చెక్కాల్సిన చోట ప్రయత్నించొచ్చేమో, రెక్కకు మాత్రం బాల్సాయే.

బాల్సా కొనేటప్పుడు జేబులో చిన్న డిజిటల్ తక్కెడ ఉండాలి, బంగారం తూచే రకం. 1.5 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు, ఒక మీటరు పొడవున్న పలక మెత్తటి రకమైతే 15 గ్రాములు, గట్టి రకమైతే 30 గ్రాములు. చూడ్డానికి రెండూ ఒకటే, ధరా ఒకటే. రెక్క పైపొరకి అలాంటివి అరడజను పడతాయి, అక్కడే 90 గ్రాముల తేడా వచ్చేసింది. తేలికైనవి తోకకి, రెక్క చివరలకి. బరువైనవి స్పార్లకి (రెక్క పొడవునా పోయే దూలాలకి), ముక్కు దగ్గరికి. తోకలో ఒక గ్రాము పెరిగితే బ్యాలెన్స్ కోసం ముక్కులో రెండు మూడు గ్రాములు పెట్టాలి కాబట్టి తోకకి ఎంచే పలకల దగ్గర మొహమాటం వద్దు, షాపులో ఉన్న కట్టంతా తూచండి.

పలక మీది గీతలు కూడా చూడాలి. పొడుగ్గా నిటారు గీతలే ఉన్నది వంగుతుంది, రెక్క ముందంచు చుట్టూ తిప్పడానికి అది. చేప పొలుసుల్లా మచ్చలు మెరుస్తున్నది వంగదు, వంచితే అప్పడంలా విరుగుతుంది. రిబ్బులకి, తోక పలకలకి అదే మేలు. స్పార్ల మధ్య పెట్టే షియర్ వెబ్‌కి చెక్క గీత నిలువుగా ఉండాలి, అడ్డంగా పెడితే లూపు అడుగున రెక్క ముడుచుకునే ప్రమాదం. ప్లాన్‌లో దీన్ని చిన్న బాణం గుర్తుతో చూపిస్తారు, కంటపడక వదిలేసేవాళ్లే ఎక్కువ.

బ్లేడా? లేజరా?

ముందు ప్రింటు సంగతి. మాసబ్ ట్యాంక్ వైపు ఆర్కిటెక్చర్ విద్యార్థులున్న చోట పెద్ద కాగితం మీద ప్లాటర్ ప్రింట్లు తీసే షాపులు వెతకండి. తీయించేటప్పుడు 'కాగితానికి సరిపెట్టు' అనే సెట్టింగ్ ఆపమనండి, ఇంటికొచ్చే ముందే స్కేలు పెట్టి రెక్క పొడవు కొలవండి. ఒకటి కోసుకోవడానికి, ఒకటి పైన పెట్టి కట్టడానికి, రెండు ప్రతులు. కట్టే బల్లకి కార్పెంటర్ దగ్గర కొత్త ఫ్లష్ డోర్ పలక, దానిపై నోటీసు బోర్డులకు వాడే సాఫ్ట్‌బోర్డు, దానిపై ప్లాన్, ప్లాన్ మీద పల్చటి పాలిథీన్. పిన్నులు దిగుతాయి, రెక్క తిన్నగా వస్తుంది.

స్టిక్ రెక్కలో రిబ్బులన్నీ ఒకే కొలత. ప్లైవుడ్‌తో రెండు మాదిరి ముక్కలు కోసి, వాటి మధ్య బాల్సా ముక్కలన్నీ పేర్చి బోల్టులు బిగించి ఒక్కసారే రుద్దితే ఒక సాయంత్రంలో రెక్క రిబ్బులన్నీ సిద్ధం. ఎక్స్‌ట్రా రెక్కలో ఒక్కో రిబ్బు ఒక్కో కొలత, స్పార్ గాడి ఒక్కోచోట. చేత్తో కోస్తే ఎంత జాగ్రత్తపడ్డా ఎక్కడో అర మిల్లీమీటరు జారుతుంది, పైపొర వేశాక అలలు కనబడతాయి. లేజర్‌కి మాత్రం ఒకే కొలతైనా పదహారు కొలతలైనా ఒకటే పని. అందుకే చేత్తో అయితే స్టిక్, లేజర్‌తో అయితే ఎక్స్‌ట్రా అన్నది.

హైదరాబాద్‌లో లేజర్ కటింగ్‌కి లోటు లేదు. అక్రిలిక్ నేమ్‌బోర్డులు చేసే షాపుల్లో మెషిన్లుంటాయి, రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం ఉంది. ప్లాన్‌ని కంప్యూటర్లో గీసి డీఎక్స్ఎఫ్ ఫైలుగా ఇవ్వాలి, ఆ గీసే పనే అసలు శ్రమ. నాలుగో వంతు మిల్లీమీటరు దాకా కోత తినేయొచ్చు కాబట్టి ముందు ఒకే రిబ్బు కోయించి స్పార్ పుల్లని గాడిలో దింపి చూడండి. వేలితో నొక్కితే కూర్చోవాలి, సుత్తి అడగకూడదు, వదులుగా ఊగకూడదు. నేమ్‌బోర్డు షాపువాళ్లు అక్రిలిక్‌కి పెట్టిన పవర్‌తోనే బాల్సా కోసేస్తే అంచులు మాడి బొగ్గవుతాయి, పవర్ తగ్గించమని దగ్గరుండి చెప్పాలి. మాడిన అంచుకి జిగురు సరిగా పట్టదు, ఇసుక కాగితంతో ఒకసారి రుద్దండి.

ఇంజనా? మోటారా?

గ్లో ఇంజన్ చప్పుడు, ఆముదం వాసన తెలిసినవాళ్లకి వేరే మాట చెప్పి లాభం లేదు. మిగతా అందరికీ ఎలక్ట్రిక్. మిథనాల్ చిల్లరగా కొనడం తేలిక కాదు, అందులో కలిపే నైట్రోమీథేన్ సంగతి చెప్పక్కర్లేదు, ఊరి శివారులో చప్పుడు విని జనం పోగవుతారు. పైన చెప్పిన 1.2 కిలోల మోడల్‌కి కిలోకి 330 వాట్ల చొప్పున 400 వాట్లు సరిపోతాయి: 3536 సైజు బ్రష్‌లెస్ మోటార్, 900 నుంచి 1000 కేవీ (ఓల్టుకు నిమిషంలో తిరిగే చుట్లు), 11 అంగుళాల ప్రొపెల్లర్, మూడు సెల్స్ 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, మోటార్ వేగాన్ని అదుపు చేసే 50 ఆంపియర్ల ఈఎస్‌సీ. హోవర్ చేయాలంటే కిలోకి 440 వాట్లు లెక్కేసుకోండి. డబ్బా మీద అంకెలు నమ్మకుండా వాట్‌మీటర్ పెట్టి కొలవండి. పూర్తిగా తయారై వచ్చే డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో ఆపేశారు కానీ విడిభాగాలకు ఆ ఆంక్ష లేదు. సొంతంగా కట్టేవాడికి అది కలిసొచ్చిన సంగతే.

గ్లో ప్లాన్‌ని ఎలక్ట్రిక్‌గా మారుస్తుంటే ట్యాంకు ఉన్న చోట బ్యాటరీ రావాలి, దాన్ని తీసి పెట్టడానికి పైన మూత కావాలి. మూత కోసం ఒంటిపై భాగం కోస్తే ఆ చోటు బలహీనమవుతుంది, పక్కల లోపలి వైపు 2 మిల్లీమీటర్ల లైట్‌ప్లై (తేలిక ప్లైవుడ్) అతికించండి. గాలి బయటికి పోయే కంత, లోపలికొచ్చే కంత కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెద్దదిగా ఉండాలి. మన వేసవిలో ఇది మర్చిపోతే ఈఎస్‌సీ గాల్లోనే చేతులెత్తేస్తుంది.

ఇంకో మార్పు చక్రాలు. ప్లాన్‌లో 50 మిల్లీమీటర్లవి చూపిస్తే మన రాళ్ల నేలకి 65 నుంచి 70 పెట్టండి. చక్రాలపై వేసే తొడుగులు మొదటి ల్యాండింగ్‌కే ఊడిపోతాయి, వాటి బరువూ మిగిలింది అనుకుని వదిలేయండి.

జిగురు, కవరింగ్

చెక్క అతుకులకి ఫెవికాల్ చాలా మంచిది, రుద్దడానికీ తేలిక. కానీ అందులో నీళ్లుంటాయి, పల్చటి పైపొర మీద పూస్తే వానాకాలంలో అది ఆరేలోపు వంగుతుంది. పైపొరకి సీఏ, మోటార్ బిగించే గోడకీ చక్రాల పలకకీ అరాల్డైట్, మిగతావాటికి ఫెవికాల్. రెక్క ఆరేదాకా బల్ల మీద బరువు పెట్టి ఉంచండి, జూలైలో అయితే ఇంకో రోజు అదనంగా.

కవరింగ్‌కి ఇస్త్రీతో అతికే ఫిల్మ్ వాడతాం, ఒరాకవర్ రకం. రంగు ఎంపికలో అందం కన్నా రెండు లెక్కలున్నాయి. ఒకటి, ముదురు రంగు ఎండకి వేడెక్కి వదులవుతుంది, రెక్కమీద ముడతలు తేలుతాయి, ఎంత సాగదీసినా మే నెలలో మళ్లీ వస్తాయి. రెండు, పైభాగం ఒక రంగు, అడుగు భాగం పూర్తిగా వేరే నమూనా ఉండాలి. రోల్ మధ్యలో ఏది పైనుందో క్షణంలో తెలియాలి. తెల్లటి మబ్బు కింద తెలుపు, పసుపు కనబడవు, సాయంత్రం ఎర్ర రంగు నల్లబడుతుంది. పైన తెలుపు మీద ఎరుపు సూర్యకిరణాల గీతలు, అడుగున నలుపు తెలుపు అడ్డ పట్టీలు, ప్రతి పట్టీ అరచేతి వెడల్పుకి తక్కువ కాకుండా. చిన్న చిన్న స్టిక్కర్లు, సన్నటి గీతలు 50 మీటర్ల దూరంలో ఎవరికీ కనబడవు.

బ్యాలెన్స్ పాయింట్ ప్లాన్‌లో ఒక పరిధిగా ఇస్తే దాని ముందంచు దగ్గర మొదలుపెట్టండి, సాధారణంగా రెక్క ముందంచు నుంచి దాని సగటు వెడల్పులో 25 నుంచి 27 శాతం మధ్య. కాస్త ఎగరేశాక, తలకిందులుగా పోతున్నప్పుడు ముక్కు ఎంత దించుకుంటుందో చూసి బ్యాటరీని మెల్లగా వెనక్కి జరుపుకోవచ్చు.